రాత్రి అన్నం సాయంత్రమే ఎందుకు? వృద్ధాశ్రమాల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

హైదరాబాద్ శివార్లలో, రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా కేంద్రాల్లో వృద్ధాశ్రమాలు నడుపుతున్న ట్రస్టీలకు, మేనేజర్లకు, మెస్ ఇన్‌చార్జిలకు నమస్కారం.

నేను సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో వార్డెన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. మా ఆవిడ పోయాక ఒక్కణ్ణే వండుకోలేక ఆశ్రమంలో చేరాను. నెలనెలా డబ్బు కట్టే ఉంటున్నాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ గరిటె వైపు నిలబడ్డాను, ఇప్పుడు కంచం వైపు కూర్చున్నాను. ఏ సరుకు ఎంత కావాలో ఇండెంట్ రాయడం తెలుసు. కూరగాయల కాంట్రాక్టరు వారం చివర్లో ఎలాంటి వంకాయలు పంపుతాడో తెలుసు. నెలాఖరుకు పప్పు ఎందుకు పలచబడుతుందో కూడా తెలుసు. అందుకని మీ ఇబ్బందులు తెలియక రాస్తున్నానని అనుకోకండి.

మా ఆశ్రమం పేరు రాయను. ఇది ఒక్క చోటి గొడవైతే మేనేజరు గదిలో కూర్చుని మాట్లాడుకునేవాణ్ణి. వేరే ఆశ్రమాల్లో ఉన్న స్నేహితులకు ఫోన్ చేసినా, చూడ్డానికి వెళ్ళినా అదే టైము, అదే సాంబారు. కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు టైము సంగతి. మా దగ్గర రాత్రి భోజనం ఆరున్నరకు. పేరుకు రాత్రి భోజనమే గానీ ఎండాకాలంలో అప్పటికి ఎండ కూడా పోదు. ఏడుంబావుకల్లా బల్లలు తుడిచేసి హాల్లో సగం లైట్లు ఆర్పేస్తారు. మర్నాడు టిఫిన్ ఎనిమిదిన్నరకు. మధ్యలో పొద్దున్నే ఇచ్చే చిన్న గ్లాసుడు టీ తప్ప ఏమీ లేదు. లెక్కేసుకుంటే 14 గంటలు. ఇంట్లో ఉన్నప్పుడు మాలో ఎవరం ఇలా తిన్నాం? ఎనిమిది దాటాక కాళ్ళు కడుక్కుని, వార్తలు చూస్తూ తిని, పడుకునే ముందు పాలో పండో తీసుకున్నవాళ్ళమే.

ఆరున్నరకే ఎందుకో నాకు తెలుసు. వంట చేసే ఆమె, ఆమెతో వచ్చే ఇద్దరు హెల్పర్లు ఏడున్నర బస్సు అందుకోవాలి. అది తప్పితే శివార్లలో ఇంకో బస్సు దొరకదు, ఆటోవాడు నోటికొచ్చినంత అడుగుతాడు. వాళ్ళకీ ఇంటి దగ్గర పిల్లలున్నారు, వాళ్ళకూ వండిపెట్టాలి. ఆమెను నేను ఒక్క మాట అనను. కానీ డ్యూటీ చార్టు రాసింది ఆమె కాదు కదా, మీరు. పొద్దున ఐదింటికి రప్పించి సాయంత్రం ఏడింటిదాకా ఒక్క మనిషితోనే లాగిద్దామనుకుంటే రాత్రి భోజనం సాయంత్రానికి జరగక ఏం చేస్తుంది?

మాలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు కాబట్టి అక్కడి లెక్క ఒకటి చెబుతాను. ఆ దేశంలో నర్సింగ్ హోమ్‌లకు ఫెడరల్ నిబంధన ఉంది. రాత్రి భోజనానికి, మర్నాటి టిఫిన్‌కు మధ్య 14 గంటలకు మించి ఎడం ఉండకూడదు. 16 గంటల దాకా పోవాలంటే పడుకునే ముందు పోషకాహారం ఏదైనా పెట్టాలి, అదీ అక్కడ ఉండేవాళ్ళంతా కలిసి ఒప్పుకుంటేనే. మనం సరిగ్గా ఆ గీత మీద నిలబడి ఉన్నాం. టిఫిన్ ఓ అరగంట ఆలస్యమైన రోజు గీత దాటుతున్నాం. ఆదివారాలు అది మామూలే. ఎవరినీ అడిగిన పాపాన పోలేదు.

14 గంటలంటే ఏమిటో పగలు ఆఫీసులో కూర్చుంటే తెలియదు. రాత్రి మూడింటికి మా వరండాలో నడవండి. కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళకు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు ఆ టైములోనే షుగర్ పడిపోయేది. చెమటలు, వణుకు, ఏం మాట్లాడుతున్నారో తెలియని అయోమయం. ముసలివాళ్ళకు అయోమయం మామూలే అనుకుని పక్కకు తిప్పి పడుకోబెడితే ప్రాణం మీదికి వస్తుంది. బాత్‌రూమ్‌కు లేచి తూలి పడేవాళ్ళలో ఎంతమంది ఖాళీ కడుపుతో పడుతున్నారో ఎవరైనా రాసి పెడుతున్నారా? పడ్డ సంగతి రిజిస్టర్లో రాస్తారు. చివరిసారి ఏం తిన్నారో, ఎన్నింటికి తిన్నారో రాసే గడి అందులో లేదు.

మా గదిలో ఇంకో పెద్దాయన ఉంటాడు. ఆయన మంచం పక్క పాత హార్లిక్స్ సీసాలో మరమరాలు, పుట్నాలు కలిపి పెట్టుకుంటాడు. రాత్రి ఒంటిగంటప్పుడో రెండప్పుడో మూత తీసిన చప్పుడు వినిపిస్తుంది. కట్టుడు పళ్ళు తీసి నీళ్ళలో వేసి ఉంటాయి కాబట్టి నమలలేడు, పుట్నాలు నోట్లో వేసుకుని నాననిస్తాడు. నాననిచ్చి నాననిచ్చి చిగుళ్ళతో నలుపుకుంటాడు. తాలూకా ఆఫీసులో హెడ్ క్లర్కుగా ఫైళ్ళు నడిపిన మనిషి. ఈ మధ్య గదుల్లో చీమలు పడుతున్నాయని నోటీసు బోర్డులో ఒక కాగితం పెట్టారు: తినుబండారాలు గదుల్లో ఉంచుకోరాదు. ఆ కాగితం చూసి ఆయన సీసాను బీరువాలో బట్టల కిందికి మార్చాడు. చీమలెందుకు వస్తున్నాయని మీరు ఆలోచించారు, పుట్నాలెందుకు వస్తున్నాయని ఆలోచించలేదు.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. రాత్రి డ్యూటీ బాయ్ ఎలాగూ మేలుకునే ఉంటాడు. ఒక ఇండక్షన్ స్టవ్, ఒక పాల గిన్నె, సాయంత్రమే కలిపి ఉంచిన రాగిజావ. తొమ్మిదింటికి ట్రాలీ మీద పెట్టి గది గదికీ తిప్పమనండి. పాలు పడనివాళ్ళకు మజ్జిగ, షుగర్ లేనివాళ్ళకు అరటిపండు, ఎవరికైనా ఇడ్లీ కావాలంటే పొద్దున పిండి ఫ్రిజ్‌లో ఉండనే ఉంది. ఇంకా మంచిదేమిటంటే, ఒక హెల్పర్‌ను పదకొండింటి నుంచి ఎనిమిదింటి డ్యూటీలో పెట్టి, దగ్గర ఊరి మనిషిని తీసుకుని, రాత్రి భోజనాన్ని ఏడున్నరకు జరపండి. హాట్‌బాక్సులు కొన్నది దాతలొచ్చినప్పుడు చూపించడానికి కాదు కదా.

ఇక రుచి సంగతి. ముసలివాళ్ళకు రుచులేమిటనే మాట వడ్డించేవాళ్ళ నోట చాలాసార్లు విన్నాను. నిజానికి వయసు మీద పడ్డాక నాలుకకు రుచి, ముక్కుకు వాసన తగ్గుతాయి. పైన మందులు నోరు ఎండగడతాయి, కొన్ని నోరంతా చేదు చేస్తాయి. అంటే మా తిండికి రుచి ఇంకొంచెం ఎక్కువ కావాలి. మీరు చేస్తున్నది దానికి తలకిందులు. వందమందిలో కొందరికి బీపీ ఉందని అందరి కూరలో ఉప్పు తీసేశారు. కొందరికి అల్సర్ అని అందరికీ కారం తీసేశారు. పోపు నూనె ఖర్చని అదీ పోయింది. మిగిలింది పసుపు నీళ్ళలో ఉడికిన సొరకాయ. దానికి పథ్యం అని పేరు.

ఉప్పు తగ్గించమన్న మాట తప్పని అనను. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 5 గ్రాములు దాటవద్దంటుంది, డబ్ల్యూహెచ్‌ఓ మాటా అదే. అయితే ఆ 5 గ్రాములూ పడాల్సింది తినే కూరలో. మా దగ్గర కూర చప్పగా ఉండి తినరు, ఆ తర్వాత అన్నంలో పచ్చడి రెండు చెంచాలు కలుపుకుని లాగించేస్తారు. ఉప్పు కూరలో నుంచి పచ్చడిలోకి జరిగిందంతే. పైగా కూరతో పోవలసిన కూరగాయ ముక్క కూడా కడుపులోకి పోలేదు.

పెద్ద వంటశాలలో దీనికి పాత పద్ధతే ఉంది, ఏ వంట మాస్టర్‌నడిగినా చెబుతాడు. కూర ఉడికాక ఉప్పూ కారం వేయకముందే పథ్యం వాళ్ళ వాటా వేరే గిన్నెలోకి తీసెయ్యాలి. మిగతాదానికి మామూలుగా వేసుకోవాలి. తీసినదానికి నిమ్మరసమో చింతపండు పులుసో పిండి, అల్లం దంచి, కరివేపాకు జీలకర్రతో పోపు పెట్టాలి. పులుపూ పోపు వాసనా ఉంటే ఉప్పు తక్కువైన సంగతి నాలుక అంతగా పట్టించుకోదు. పది నిమిషాల పని. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఉప్పుకు బదులు లో సోడియం ఉప్పు తెచ్చి అందరికీ వేసేయకండి. అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్ళకు అది ప్రమాదం. డాక్టరును అడక్కుండా ఆ ప్యాకెట్ వంటింట్లోకి రాకూడదు.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది. పళ్ళు లేనివాళ్ళకు, పక్షవాతం వచ్చినవాళ్ళకు మీరు పెట్టే మెత్తటి భోజనం. అన్నం, పప్పు, కూర, రసం, పెరుగు, అన్నీ ఒకే మిక్సీ జార్‌లో వేసి తిప్పుతారు. బూడిదరంగులో వచ్చిన ఆ ముద్దను గిన్నెలో పోసి చెంచా గుచ్చి పంపుతారు. మా పక్క వార్డులో ఒక ఆర్టీసీ డ్రైవరు ఉన్నాడు, కుడిపక్క పడిపోయింది, మాట ముద్దగా వస్తుంది గానీ తెలివి నిక్షేపంలా ఉంది. ఒక మధ్యాహ్నం నేను అక్కడ ఉండగా గిన్నె చూసి ఆయాను అడిగాడు, ఇవాళ కూరేంటమ్మా అని. అన్నీ ఉన్నాయి తాతా, నోరు తెరువు అంది ఆ పిల్ల. అబద్ధం కాదు. అన్నీ ఉన్నాయి, ఏదీ లేదు. నాలుగు చెంచాలు తిని తల తిప్పేశాడు. కేస్ షీట్‌లో ఆకలి మందగించింది అని రాశారు.

మిక్సీ వెయ్యొద్దనడం లేదు. వేరువేరుగా వెయ్యండి. మెత్తటి అన్నం ఒక పక్క, పప్పు ఒక పక్క, గుమ్మడికాయ ఒక పక్క. పచ్చగా ఏదో, పసుపుగా ఏదో కంటికి కనిపించాలి, ఇది బీరకాయ అని నాలుకకు తెలియాలి. అసలు మన వంటల్లోనే నమలాల్సిన పని లేనివి ఎన్ని! పెసరపప్పు పులగం, బీరకాయ పప్పు, పాలు పోసి వండిన సొరకాయ, బాగా ఉడికిన పొట్లకాయ పెరుగు పచ్చడి, సాంబార్లో నానిన ఇడ్లీ, మెంతి మజ్జిగ, సగ్గుబియ్యం జావ. చంటిపిల్లలకు, బాలింతలకు, జ్వరం వచ్చి లేచినవాళ్ళకు వండిపెట్టిన వంటలు ఇంటింటా ఉన్నాయి. వారంలో నాలుగు రోజులు వీటితో మెనూ వేస్తే మిక్సీ జార్ కడిగే పనే తగ్గుతుంది.

తినిపించేవాళ్ళకు ఒక పూట శిక్షణ ఇప్పించండి. మా దగ్గర ఆయా మంచం పక్కన నిలబడి, పడుకున్న మనిషి నోట్లో చెంచా మీద చెంచా కుక్కుతుంది. ఇంకా ఎనిమిది మంది ఉన్నారు మరి, ఆమె తొందర ఆమెది. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టి నవ్వుకునే అలవాటు మనది. పక్షవాతం వచ్చిన మనిషికి తింటూ మాటిమాటికీ పొలమారుతుంటే తలుచుకునేవాళ్ళెవరూ లేరు, మెతుకు ఊపిరితిత్తుల వైపు పోతోందన్నమాట. వెనకే న్యుమోనియా వస్తుంది. కూర్చోబెట్టాలి. గడ్డం కాస్త కిందికి ఉండాలి. ఒక ముద్ద మింగాక ఇంకో ముద్ద. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. ఇలాంటివాళ్ళకు అన్నం కన్నా పలచటి నీళ్ళతోనే ఎక్కువ పొలమారుతుంది. మంచినీళ్ళే కదా అని గ్లాసు ఎత్తి పోసేస్తుంటారు. ఎవరికి ఏ చిక్కదనంలో ఇవ్వాలో డాక్టరు చేతో, మింగడం పరీక్షించే స్పీచ్ థెరపిస్టు చేతో రాయించి మంచానికి కట్టండి.

మాంసకృత్తుల విషయం టూకీగా. మన పోషకాహార సంస్థ పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చెప్పింది. వయసు మళ్ళినవాళ్ళకు కండ కరిగిపోకుండా ఉండాలంటే 1 నుంచి 1.2 గ్రాములు కావాలని ఈ విషయం మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణులు అంటున్నారు, కిడ్నీ జబ్బున్నవాళ్ళను మినహాయించి. అంటే 55 కిలోల మనిషికి 55 గ్రాములైనా కావాలి. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం సాంబారన్నం, రాత్రి చారన్నం, ఇందులో ఎక్కడి నుంచి వస్తాయి? ఒక గుడ్డులో 6 గ్రాములుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనంలో వారానికి 5 గుడ్లు పెడుతున్నారు. మా ట్రస్టు శాకాహారం అంటారు మీరు. మంచిదే, మీ సంప్రదాయం మీది. అయితే చేర్చుకునేటప్పుడే ఆ ముక్క చెప్పండి. దానికి తగ్గట్టు పప్పు గరిటె జారుడుగా లేకుండా పెట్టండి, రోజుకు రెండు పూటలా గట్టి పెరుగు వెయ్యండి, సాయంత్రం గుగ్గిళ్ళు మెత్తగా ఉడికించి నలిపి ఇవ్వండి. జీవితమంతా చేపల పులుసు తిన్న నెల్లూరు మనిషికి మాత్రం, ఈ వయసులో ఇంకా కోరికలేమిటండీ అని ఉపన్యాసం ఇవ్వకండి.

నెల్లూరంటే గుర్తొచ్చింది. మా హాల్లో ఒకే బల్ల దగ్గర మహబూబ్‌నగర్ వాళ్ళు, కడప వాళ్ళు, శ్రీకాకుళం వాళ్ళు కూర్చుంటారు. ఒకరికి జొన్నరొట్టె, ఒకరికి రాగి సంకటి, ఒకరికి పొద్దున్నే తరవాణి. ముగ్గురికీ పెడుతున్నది వేడి వేడి తెల్లన్నం, అది చూడ్డానికి బాగుంటుంది కాబట్టి. వారానికి ఒక పూట ఒక ప్రాంతం వంట చెయ్యండి, ఖర్చు తగ్గుతుందే గానీ పెరగదు. సంకటి ముద్ద చెయ్యడం మీ వంటామెకు రాకపోతే మా బల్ల దగ్గర నేర్పేవాళ్ళు ఇద్దరున్నారు. అడిగితే కర్ర పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చేలా ఉన్నారు, పనిలేక చచ్చిపోతున్నారు పాపం.

ఇక దాతల సంగతి. ఇది మొహమాటమైన విషయం, ఎవరూ రాయరు, నేను రాస్తాను. పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, సంవత్సరీకాలు, రాజకీయ నాయకుల జన్మదినాలు, అన్నిటికీ వృద్ధాశ్రమంలో అన్నదానం ఒక ఆచారమైపోయింది. పెట్టేవాళ్ళ మనసు మంచిదే, వాళ్ళ మీద ఫిర్యాదు లేదు. ఫిర్యాదు మీ మీద. ఒక ఆదివారం ఎవరి పిల్లాడిదో పుట్టినరోజు. ఆ రోజు మెస్‌లో వంట ఆపేశారు, బయటి నుంచి బిర్యానీ వస్తుందని. పన్నెండింటికే మమ్మల్ని తెచ్చి కూర్చోబెట్టారు. నర్సమ్మ లెక్క ప్రకారం ఇన్సులిన్లు పొడిచేసి వెళ్ళింది. బండి ట్రాఫిక్‌లో ఇరుక్కుని రెండింటికి వచ్చింది. వచ్చాకా వడ్డన లేదు, బ్యానర్ కట్టాలి, కేక్ కొయ్యాలి, ఫొటోలు తియ్యాలి. తాతగారూ, కంచం రెండు చేతులా పట్టుకోండి, ఇటు చూడండి. ఇన్సులిన్ వేయించుకున్న ఒకావిడ చేతులు అప్పటికే వణుకుతున్నాయి. ఫొటోలో ఆ వణుకు పడదు. పక్కనున్నావిడ కేక్ మీది క్రీము వేలితో తీసి ఆమె నోట్లో పెట్టింది, దానితోనే ఆ పూట గడిచింది. అన్నం ముందుకు రాకుండా ఇన్సులిన్ ఇవ్వకూడదన్నది మాలాంటివాళ్ళకు కూడా తెలుసు.

దాత ఎంత పెద్దవాడైనా పన్నెండున్నరకు మెస్ వంట వడ్డించి తీరాలి. దాత తెచ్చే స్పెషల్ ఎప్పుడొస్తే అప్పుడు దానికి తోడుగా వడ్డించొచ్చు. బయటి బిర్యానీ కన్నా దాత ఇచ్చే డబ్బుతో ఆ వారం పాలూ పండ్లూ కొంటామని చెప్పండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, చెప్పే ధైర్యం మీకుండాలి. కంచం పట్టుకుని ఫొటో దిగడం ఇష్టమా అని ముందు అడగండి. వద్దన్నవాళ్ళకు తర్వాత వడ్డించకండి, ముందే వడ్డించండి. ఇంకొకటి, ఆబ్దికం పేరు చెప్పి పెట్టిన అన్నం కొందరు పెద్దవాళ్ళకు గొంతు దిగదు. వాళ్ళ పట్టింపు వాళ్ళది. ఆ రోజు వాళ్ళకు మామూలు వంట ఉండాలి.

డొక్కా సీతమ్మ గారిని మీలో చాలామంది బ్రోషర్ల మీద వేసుకుంటారు. గోదావరి లంకల్లో, లంకల గన్నవరంలో, దారినపోయేవాడు ఏ వేళకు తలుపు తట్టినా లేచి అన్నం పెట్టిన మనిషి. 1909లో పోయారు, 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. ఆమె ఫొటో ఉన్న గోడ కింద ఏడుంబావు తర్వాత గ్లాసుడు పాలు దొరకవంటే ఎలా చెప్పండి.

బడిపిల్లలకు వండిన అన్నం వడ్డించే ముందు టీచరు రుచి చూడాలని మధ్యాహ్న భోజన పథకంలో నియమం. మా హాస్టళ్ళలో మెనూ గోడ మీద రాసి ఉండేది, పిల్లల మెస్ కమిటీ ఉండేది. పన్నెండేళ్ళ పిల్లాడు నా ముందు నిలబడి, సార్, నిన్న చారు బాలేదు అని చెప్పేవాడు, నేను వినాల్సిందే. అదే పిల్లాడు డెబ్బై ఏళ్ళు దాటాక మీ దగ్గర చేరితే చారు గురించి ఎవరికి చెప్పాలి? మేనేజరుకు చెబితే వంటామెను తిడతాడని మేమే చెప్పం. పిల్లలకు చెబితే ఫోన్లో గొడవపడతారని, ఆ తర్వాత మీ మొహాలు మారతాయని చెప్పం. నచ్చకపోతే తీసుకెళ్ళండి అనే మాట మీరు ఒక్కరితో అంటే చాలు, మిగతా అందరమూ వింటాం. అందుకే మీ ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో భోజనం బాగుంది అని ఉంటుంది.

కాబట్టి నేను అడుగుతున్నది నికరంగా ఇది. ప్రతి ఆశ్రమంలో ఉండేవాళ్ళతోనే ఒక మెస్ కమిటీ వెయ్యండి. అందులో షుగర్ ఉన్నవాళ్ళు ఒకరు, మెత్తటి భోజనం తినేవాళ్ళ తరఫున ఒకరు, వంటింటి నుంచి ఒకరు ఉండాలి. రెండు వారాలకోసారి కూర్చోవాలి. మెనూ, టైము వాళ్ళు ఒప్పుకున్నాకే మారాలి. చెప్పినది చేశారా లేదా అన్నది మినిట్స్ బుక్‌లో రాయాలి. మేనేజరు నెలకు ఒకసారైనా మాతో పాటు అదే కంచంలో, అదే టైముకు తిని, మళ్ళీ మర్నాడు ఎనిమిదిన్నర దాకా ఏమీ తినకుండా ఉండాలి. ఇది శిక్షగా అనడం లేదు, అలా ఉంటే తప్ప ఈ లేఖ మొదటి సగం అర్థం కాదు.

దీంతో పాటు బరువు రిజిస్టరు. అందరికీ నెలకోసారి బరువు చూడండి. నెలలో నూటికి 5 వంతులు, ఆరు నెలల్లో 10 వంతులు తగ్గితే అది వయసు వల్ల వచ్చిన మార్పు కాదు, డాక్టరుకు చూపించాల్సిన లక్షణం. దేశంలో 60 దాటినవాళ్ళలో 27 శాతం ఉండాల్సిన బరువు కన్నా తక్కువ ఉన్నారని కేంద్ర ఆరోగ్యశాఖ ఆధ్వర్యంలో 2017-18లో వయసు మళ్ళుతున్నవాళ్ళ మీద జరిగిన లాసీ సర్వే తేల్చింది. అందులో పేదరికం వల్ల తక్కువ తింటున్నవాళ్ళు ఉన్నారు. డబ్బు కట్టి మీ దగ్గర ఉంటున్నవాళ్ళు కూడా ఆ లెక్కలోకి జారితే దానికి మీరు ఏం పేరు పెడతారు?

చిన్నచిన్నవి కొన్ని ఉన్నాయి, ఒక్క గుక్కలో చెప్పేస్తాను. చేతులున్న కుర్చీలు వెయ్యండి, లేవడానికి పట్టు కావాలి. చేతులు వణికేవాళ్ళకు అంచున్న కంచం, పిడి ఉన్న కప్పు ఇవ్వండి. తెల్ల కంచంలో తెల్లన్నం శుక్లాలున్నవాళ్ళకు కనపడదు. భోజనాల టైములో టీవీ ఆపండి. వేసవిలో గంటగంటకూ మజ్జిగో నీళ్ళో చేతికి ఇవ్వండి, ఈ వయసులో దాహం తెలియదు, పైగా రాత్రి లేవాల్సి వస్తుందని చాలామంది కావాలనే తాగరు.

చట్టం సంగతి మీకు నా కన్నా బాగా తెలుసు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో పోషణ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో మొట్టమొదట ఉన్నది తిండే. ఆర్డీవో ట్రిబ్యునల్‌కు వెళ్ళి కన్నపిల్లల మీద కేసు వేయొచ్చు గానీ సాంబారు మీద ఎవరు వేస్తారు? ప్రైవేటు ఆశ్రమాలన్నీ రిజిస్టర్ చేయించుకోవాలని, తిండికీ వసతికీ కనీస ప్రమాణాలు ఉండాలని 2019లో ఒక సవరణ బిల్లు లోక్‌సభలో పెట్టారు. ఆ సభ గడువుతో పాటే అదీ మురిగిపోయింది. వయోవృద్ధుల సంక్షేమ శాఖ అధికారులు కూడా ఈ లేఖ చదివితే ఒక చిన్న మనవి. తనిఖీకి పొద్దున పదకొండింటికి రాకండి. ఆ టైముకు వంటిల్లు కడిగి ముగ్గేసి ఉంటుంది. సాయంత్రం ఆరున్నరకు ఒకసారి, మళ్ళీ రాత్రి తొమ్మిదింటికి ఒకసారి రండి. ఎవరికైనా ఆకలిగా ఉందా అని గదుల్లో అడగండి, మేనేజరును వరండాలోనే ఉండమని చెప్పి.

మీ దగ్గర ఉంటున్నవాళ్ళు పేరు పెట్టి ఫిర్యాదు చేయడానికి భయపడితే 14567 అనే ఎల్డర్‌లైన్ నంబరు ఉంది. నోటీసు బోర్డులో చీమల కాగితం పక్కన ఆ నంబరు కూడా పెట్టండి.

ఏ ఆశ్రమమైనా ఈ ఉగాది లోపల రాత్రి తొమ్మిదింటి ట్రాలీ మొదలుపెడితే ఇండెంట్ నేనే రాసిస్తాను, ఊరికే. యాభై మందికి పాలు ఎన్ని లీటర్లు, రాగిపిండి ఎన్ని కిలోలు, అరటిపండ్లు డజన్ల లెక్కన కొనాలా గెల లెక్కన కొనాలా, అన్నీ వేసిస్తాను. గెల లెక్కన కొంటే రెండు రోజుల్లో మగ్గిపోయి సగం పారేస్తారు, ఆ సంగతి ముందే చెబుతున్నా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హాస్టల్ వార్డెన్
ప్రస్తుతం మీ మెస్‌లో మూడో బల్ల